ఇంటి సర్వర్ క్లస్టర్‌లో నిల్వ ప్రణాళిక: క్షేత్రపరిశోధన సామగ్రి భద్రత దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

క్షేత్రపర్యటనలలో సేకరించిన ధ్వనిముద్రణలు, దృశ్యముద్రణలు, తాళపత్ర గ్రంథాల స్కాన్ ప్రతులు చాలావరకు పరిశోధకుల సొంత డిస్కులలోనే ఉంటున్నాయి. వీటిని ఇంటిలో రెండు మూడు కంప్యూటర్లతో ఏర్పరచుకొనే చిన్న వర్చువలైజేషన్ క్లస్టర్‌లో భద్రపరచదలచినవారు నిల్వను గురించి ఏ క్రమంలో ఆలోచించాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఎంత సామర్థ్యం గల డిస్కులు కొనాలన్నది తరువాతి ప్రశ్న. పోయినా తిరిగి సంపాదించగలిగినది ఏది, సంపాదించలేనిది ఏది అన్న విభజన ముందు జరగాలన్నది ఈ వ్యాసం చేసే ప్రతిపాదన. సర్వర్ ఆగకుండా నడవడం, సామగ్రి నశించకుండా ఉండడం అనేవి రెండు వేర్వేరు అవసరాలని ఇది నిరూపిస్తుంది.

కీలకపదాలు: నిల్వ, వర్చువల్ మెషిన్, క్లస్టర్, కోరం, చెక్‌సమ్, బ్యాకప్, జానపద సామగ్రి, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక

జానపద వాఙ్మయ పరిశోధనలో మూలసామగ్రి స్వభావం అచ్చుపుస్తకం వంటిది కాదు. గ్రంథాలయంలో ఉన్న పుస్తకాన్ని మరొకసారి వెళ్లి స్కాన్ చేసుకోవచ్చు. పటం కథ చెప్పే వృద్ధ కళాకారుని నుండి రికార్డు చేసిన కథ ఆయన మరణానంతరం మళ్లీ లభించదు. అదే కథను ఆయన శిష్యుడు చెప్పినా అది మరొక పాఠమే అవుతుంది. సిద్ధాంతగ్రంథంలో ఈ సామగ్రినుండి ఉదాహరణలు మాత్రమే చోటుచేసుకుంటాయి. పరిశోధన పూర్తయిన తరువాత గ్రంథం శోధగంగలో చేరుతుంది. దానికి ఆధారమైన వందల గంటల ముద్రణలు మాత్రం సాధారణంగా పరిశోధకుని బీరువాలో, ఒక బాహ్య డిస్కులో మిగిలిపోతాయి. ఆ డిస్కు పాడైతే గ్రంథంలోని ఉదాహరణలను మూలంతో సరిచూసే అవకాశం తరువాతివారికి ఉండదు.

ఈ స్థితిని గుర్తించిన కొందరు ఇంటిలోనే చిన్న సర్వర్లను ఏర్పరచుకొంటున్నారు. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లు తక్కువ వెలకు దొరకడం, అవసరమైన సాఫ్ట్‌వేర్ ఉచితంగా లభించడం ఇందుకు దోహదం చేస్తున్నాయి. అయితే ఈ ప్రయత్నాలలో శ్రద్ధ ఎక్కువగా ప్రాసెసర్ మీద, మెమరీ మీద ఉంటుంది. నిల్వ విషయం చివరకు మిగిలిన డబ్బుతో కొనే వస్తువుగా మారుతుంది. ఈ క్రమం తలకిందులు కావలసి ఉంది.

2. వర్చువల్ మెషిన్, క్లస్టర్

ఒక భౌతిక కంప్యూటర్‌లో అనేక స్వతంత్ర కంప్యూటర్లు ఉన్నట్లుగా సాఫ్ట్‌వేర్ ద్వారా ఏర్పాటు చేయడమే వర్చువలైజేషన్. అలా ఏర్పడిన ప్రతి కల్పిత కంప్యూటర్ ఒక వర్చువల్ మెషిన్. పరిశోధకునికి దీనివల్ల కలిగే ప్రయోజనం స్పష్టం. డిజిటల్ గ్రంథాలయాన్ని నడిపే డీస్పేస్ ఒక మెషిన్‌లో, స్కాన్ పుటలనుండి అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ మరొకదానిలో, ఫైళ్లను మిత్రులతో పంచుకొనే నెక్స్ట్‌క్లౌడ్ ఇంకొకదానిలో ఉంటే, ఒకదానిలో వచ్చిన లోపం మరొకదానిని తాకదు.

ఇటువంటి కంప్యూటర్లను రెండు మూడింటిని ఒకే నిర్వహణ కిందికి తెస్తే అది క్లస్టర్. అందులోని ఒక్కొక్క కంప్యూటర్‌ను నోడ్ అంటారు. వియన్నాలోని ఒక సంస్థ 2008లో మొదట విడుదల చేసిన ప్రాక్స్‌మాక్స్ వీఈ ఇళ్లలో ఈ పనికి విస్తృతంగా వాడుకలో ఉన్నందున ఇక్కడ దానినే ఆధారంగా తీసుకోవడం జరిగింది. ఒక నోడ్ ఆగిపోయినప్పుడు దానిలోని వర్చువల్ మెషిన్‌ను మరొక నోడ్ మీద నడిపించుకోగలగడం క్లస్టర్ ఇచ్చే ముఖ్య సౌకర్యం. కాని వర్చువల్ మెషిన్ అంటే చివరికి డిస్కు మీద ఉన్న డేటాయే. ఆ డేటా ఆగిపోయిన నోడ్‌లోనే చిక్కుకొని ఉంటే రెండవ నోడ్ దేనిని నడపగలదు? నిల్వ సమస్య ఇక్కడే మొదలవుతుంది.

3. సామగ్రి పరిమాణం

ఊహతో డిస్కులు కొనడంకంటె కాగితం మీద లెక్క వేసుకోవడం మేలు. భాండాగార స్థాయి ధ్వనిముద్రణకు సాధారణంగా వాడే 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, రెండు ఛానెళ్ల ప్రమాణంలో ఒక గంట ముద్రణకు సుమారు 2.07 జీబీ కావాలి. సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో తీసిన వీడియో గంటకు 22.5 జీబీ ఆక్రమిస్తుంది. ఏ4 పరిమాణంలోని ఒక పుటను అంగుళానికి 300 చుక్కల సాంద్రతతో, పూర్తి వర్ణాలతో, కుదించకుండా దాచితే సుమారు 26 ఎంబీ అవుతుంది.

ఒక పరిశోధకుని వద్ద 300 గంటల ధ్వని, 60 గంటల వీడియో, 40,000 పుటల స్కాన్ ప్రతులు ఉన్నాయనుకొంటే వాటి పరిమాణం వరుసగా 620, 1,350, 1,040 జీబీలు. మొత్తం సుమారు 3 టీబీ. దీనికి పక్కన వర్చువల్ మెషిన్ల లెక్క చూడాలి. ఒక్కొక్కదానికి 32 నుండి 64 జీబీ చొప్పున అయిదారు మెషిన్లకు 300 జీబీ సరిపోతుంది.

ఈ రెండు అంకెలనూ కలిపి 3.3 టీబీ అని రాసుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. వాటి పరిమాణంలోనే కాదు, స్వభావంలోనూ భేదం ఉంది. వర్చువల్ మెషిన్ల డిస్కులు చిన్నవి, నిత్యం మారుతూ ఉంటాయి, వేగం కోరుతాయి. పోతే రెండు రోజుల శ్రమతో మళ్లీ ఏర్పరచుకోవచ్చు. ముద్రణలు పెద్దవి, ఒకసారి చేరిన తరువాత దాదాపు మారవు, వేగంతో వాటికి పని లేదు. పోతే మాత్రం మళ్లీ రావు. అందువల్ల మొదటివాటికి ఎస్ఎస్‌డీలు, రెండవవాటికి తిరిగే పళ్లెపు హార్డ్ డిస్కులు తగినవి. ముద్రణలను వర్చువల్ మెషిన్ డిస్కు లోపలే నింపి, దానిని 4 టీబీకి పెంచుకొంటూ పోవడం మంచి పద్ధతి కాదు. అలా చేస్తే మెషిన్‌ను మరొక నోడ్‌కు తరలించవలసి వచ్చిన ప్రతిసారీ ఆ బరువంతా మోయవలసి వస్తుంది. సాధారణ గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు 110 ఎంబీ వేగం అందినా 3 టీబీ తరలడానికి ఏడున్నర గంటలు పడుతుంది.

డిస్కుల మీద ముద్రించిన సామర్థ్యం దశాంశ లెక్కలో ఉంటుంది. 8 టీబీ అని ఉన్న డిస్కు ద్విసంఖ్యా లెక్కలో 7.28 మాత్రమే చూపుతుంది. నిల్వ నిండే కొద్దీ వేగం తగ్గుతుంది కనుక అయిదవ వంతు ఖాళీగా ఉంచితే వాడుకకు మిగిలేది 5.8. ఈ తరుగును ముందే లెక్కలో చేర్చుకోవాలి.

4. నోడ్ల మధ్య నిల్వ: మూడు మార్గాలు

మొదటి మార్గం, నిల్వనంతటినీ ఒక ప్రత్యేక యంత్రంలో ఉంచి, నోడ్లన్నీ నెట్‌వర్క్ ద్వారా దానిని వాడుకోవడం. అమర్చడం సులభం, ఒక నోడ్ నుండి మరొక నోడ్‌కు మెషిన్‌ను తరలించడం క్షణాలలో జరుగుతుంది. కాని ఆ నిల్వయంత్రం ఆగితే నోడ్లన్నీ చక్కగా ఉండి కూడా చేయగలిగినది ఏమీ ఉండదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు తన ప్రాణాన్ని చిలకలో దాచుకొన్నట్లుగా, క్లస్టర్ ప్రాణమంతా ఒకచోట చేరుతుంది. చిలక మెడ విరిగితే చాలు.

రెండవ మార్గం సెఫ్. ఇది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంతాక్రజ్‌లో సేజ్ వైల్ చేసిన డాక్టరేట్ పరిశోధనగా రూపొందింది. ఆయన సిద్ధాంతగ్రంథం 2007లో వెలువడింది. పెద్ద సంస్థలు విస్తారంగా వాడే సాఫ్ట్‌వేర్‌కు ఒక పీహెచ్‌డీ పరిశోధన మూలం కావడం గమనార్హం. ఇందులో ప్రతి డేటాఖండానికి సాధారణంగా మూడు ప్రతులు, మూడు వేర్వేరు నోడ్లలో ఉంటాయి. ఒక నోడ్ పోయినా పని ఆగదు, రాసిన డేటాలో లోటు రాదు.

సిద్ధాంతరీత్యా ఇది అత్యుత్తమం. ఇంటి పరిస్థితిలో మూడు ఇబ్బందులు ఎదురవుతాయి. కొన్న సామర్థ్యంలో మూడవ వంతే వాడుకకు వస్తుంది. రాసే ప్రతి అక్షరం ఒక నోడ్‌కు చేరి, అక్కడినుండి మరో రెండింటికి వెళ్లి, అన్నిచోట్లా నమోదైన తరువాతనే రాత పూర్తయినట్లు లెక్క. గిగాబిట్ నెట్‌వర్క్ ఈ రాకపోకలకు చాలదు, పది గిగాబిట్ల నెట్‌వర్క్ కావాలి. ఇక మూడవది ఎస్ఎస్‌డీల విషయం. కరెంటు పోయిన క్షణంలో చేతిలోని డేటాను కాపాడుకొనే కెపాసిటర్లు సంస్థల కోసం తయారయ్యే ఎస్ఎస్‌డీలలో ఉంటాయి. అవి లేని సాధారణ ఎస్ఎస్‌డీలు సెఫ్ అడిగే తరహా రాతలో బాగా నెమ్మదిస్తాయి. పైగా మూడే నోడ్లున్నచోట ఒకటి పోతే మూడవ ప్రతిని తిరిగి నిర్మించుకోవడానికి నాలుగవ చోటు లేదు. నేర్చుకోవాలనే ఉద్దేశంతో చేసేవారికి సెఫ్ గొప్ప పాఠశాల. సామగ్రిని కాపాడాలనే ఉద్దేశంతో చేసేవారికి అది అవసరానికి మించిన బరువు.

మూడవ మార్గం, ప్రతి నోడ్‌లోనూ సొంత నిల్వ ఉంచుకొని, దాని నకలును నిర్ణీత వ్యవధిలో మరొక నోడ్‌కు పంపుతూ ఉండడం. ప్రాక్స్‌మాక్స్‌లో ఈ సౌకర్యం జెడ్ఎఫ్ఎస్ అనే నిల్వవ్యవస్థ మీద మాత్రమే పనిచేస్తుంది. రెండు నోడ్లలోనూ నిల్వకు ఒకే పేరు ఉండాలి. మొదటిసారి పూర్తి నకలు వెళుతుంది, తరువాత ప్రతి 15 నిమిషాలకూ మారిన భాగం మాత్రమే వెళుతుంది. కనుక గిగాబిట్ నెట్‌వర్క్ సరిపోతుంది. మధ్యలో నోడ్ ఆగిపోతే చివరి నకలు తరువాత రాసినది పోతుంది. బ్యాంకు లావాదేవీలకు 15 నిమిషాల నష్టం సహించరానిది. పదసూచిని తయారుచేసుకొనే పరిశోధకునికి అది మళ్లీ టైపు చేయగల అరపుట. ఇంటి క్లస్టర్‌కు ఈ మూడవ మార్గమే తగినదని చెప్పవచ్చు.

5. పాఠభేదం, చెక్‌సమ్

జెడ్ఎఫ్ఎస్‌ను ఎంచుకోవడానికి మరొక కారణం ఉంది. దానిని తెలుగు పరిశోధకులకు వివరించడానికి పాఠపరిష్కరణ శాస్త్రం కంటె మంచి ఆధారం లేదు.

ఒకే డేటాను రెండు డిస్కులలో జంటగా రాయడాన్ని మిర్రర్ అంటారు. ఒక డిస్కు పూర్తిగా చెడిపోతే రెండవది ఆదుకొంటుంది. కాని డిస్కులు ఎప్పుడూ పూర్తిగానే చెడిపోవు. కొన్నిసార్లు ఒక డిస్కులోని కొన్ని బిట్లు నిశ్శబ్దంగా మారిపోతాయి. డిస్కు ఏ దోషాన్నీ ప్రకటించదు. అప్పుడు రెండు ప్రతుల మధ్య పాఠభేదం ఏర్పడుతుంది. ఏది సరైన పాఠం? సాధారణ మిర్రర్‌కు ఈ ప్రశ్నకు సమాధానం తెలియదు. రెండే తాళపత్ర ప్రతులు ముందున్న పరిష్కర్త కనీసం ఛందస్సును, అర్థాన్ని, కవి ప్రయోగసరళిని బట్టి నిర్ణయించగలడు. 19వ శతాబ్దిలో కడపలో సి.పి. బ్రౌన్ నియమించిన పండితులు ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేసినది ఇటువంటి వివేచనతోనే. యంత్రానికి ఆ వివేచన లేదు. దాని దృష్టిలో రెండు ప్రతులూ సున్నలు, ఒకట్లే.

జెడ్ఎఫ్ఎస్ ప్రతి డేటాఖండాన్నీ రాసేటప్పుడు దాని నుండి చెక్‌సమ్ అనే ఒక సంఖ్యను గణించి, ఆ ఖండం పక్కన కాక, దానిని సూచించే పై ఖండంలో దాచుతుంది. చదివేటప్పుడు మళ్లీ గణించి సరిచూస్తుంది. సరిపోకపోతే జంటప్రతిని తెరిచి, అది సరిపోతే చదువరికి దానిని అందించి, చెడిన ప్రతిని సరిదిద్దుతుంది. యతి తప్పిన పాదాన్ని బట్టి అపపాఠాన్ని గుర్తించినట్లే ఇదీ. పాఠానికి వెలుపల ఉన్న నియమం పాఠాన్ని పట్టి ఇస్తుంది. ఎవరూ తెరవని ఫైళ్లలోని దోషాలు బయటపడడానికి నెలకొకసారి నిల్వనంతటినీ చదివించి సరిచూసే స్క్రబ్ ప్రక్రియను నడపాలి. ముద్రణల వంటి, ఏళ్ల తరబడి తెరవని సామగ్రికి ఇది మరింత ముఖ్యం.

అయితే మాతృకలోనే దోషముంటే నకలు దానిని నమ్మకంగా కాపాడుతుంది. రికార్డర్ కార్డు నుండి కంప్యూటర్‌కు చేరేటప్పుడే ఫైలు చెడితే, జెడ్ఎఫ్ఎస్ ఆ చెడిన ఫైలుకే చెక్‌సమ్ గణించి భద్రపరుస్తుంది. అందువల్ల కార్డు మీద ఉన్నప్పుడే ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌ను గణించి, నకలు చేసిన తరువాత సరిచూసి, ఆ తరువాతనే కార్డును ఖాళీ చేయడం క్షేత్రపర్యటనలో అలవాటుగా మారాలి.

6. కోరం

రెండు నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేని స్థితి వచ్చినప్పుడు, రెండూ తామే మిగిలామని భావించి ఒకే వర్చువల్ మెషిన్‌ను నడపడం మొదలుపెడితే డేటా ఛిద్రమవుతుంది. దీనిని నివారించడానికి మొత్తం ఓట్లలో సగానికి మించి ఉన్న పక్షానికే నిర్ణయాధికారం ఇస్తారు. ఇదే కోరం. రెండు నోడ్ల క్లస్టర్‌లో ఒకటి ఆగితే మిగిలినదానికి రెండింట ఒక్క ఓటే ఉంటుంది. అది సగమే కాని ఆధిక్యం కాదు. నడుస్తున్న మెషిన్లు మామూలుగా కొనసాగుతాయి కాని కొత్తగా దేనినీ ప్రారంభించడానికి, అమరికలు మార్చడానికి వీలుండదు. ప్రమాద సమయంలో ఆదుకోవాలని కొన్న రెండవ నోడ్ సరిగ్గా ఆ సమయంలోనే చేతులు కట్టుకొని నిలబడుతుందన్నమాట.

మూడవ ఓటు కోసం మూడవ పెద్ద కంప్యూటర్ అక్కరలేదు. క్యూడివైస్ అనే చిన్న సేవను ఏ సామాన్య యంత్రం మీద నడిపినా మూడవ ఓటు లభిస్తుంది. ప్రతుల సంఖ్యను బట్టి పాఠాన్ని నిర్ణయించకూడదని పరిష్కర్తలు ఎరుగుదురు. కోరం మాత్రం కేవలం సంఖ్యనే లెక్కిస్తుంది. ఎవరు రాయవచ్చో అది తేలుస్తుంది, రాసినది సరైనదో కాదో దానికి పట్టదు.

7. విద్యుత్తు, వేడిమి

ఇంటి ఇన్వర్టర్ మీద ఆధారపడేవారు దానిని యూపీఎస్ స్థితిలో ఉంచకపోతే, కరెంటు మారే క్షణంలో కంప్యూటర్ ఆగిపోయే అవకాశం ఉంది. ప్రత్యేక యూపీఎస్ ఉంటే, బ్యాటరీ తగ్గినప్పుడు నోడ్లను వరుసగా మూసివేసే నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అమర్చుకోవచ్చు. మొత్తం 60 వాట్లు తీసుకొనే క్లస్టర్ 30 రోజుల నెలకు సుమారు 43 యూనిట్లు ఖర్చు చేస్తుంది. ఎండకాలంలో మూసి ఉన్న అలమరలో హార్డ్ డిస్కులను ఉంచకూడదు. యూఎస్‌బీ ద్వారా తగిలించిన డిస్కులు బ్యాకప్‌కు పనికివస్తాయి కాని నిత్యం నడిచే నిల్వకు తగవు. కేబుల్ కొంచెం కదిలినా నిల్వ మాయమవుతుంది.

8. బ్యాకప్

ఇంతవరకు చెప్పినదంతా డిస్కు చెడిపోవడం, నోడ్ ఆగిపోవడం అనే ఆపదలకు సంబంధించినది. మనిషి చేసే పొరపాటు ఈ కోవలోకి రాదు. ఒక సంచికను పొరపాటున తొలగిస్తే మిర్రర్‌లోని రెండు డిస్కులూ అదే క్షణంలో తొలగిస్తాయి, 15 నిమిషాలలో రెండవ నోడ్ కూడా తొలగిస్తుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా జరిగేది అదే. నకళ్లు ఎంత చురుకుగా ఉంటే నష్టం అంత వేగంగా వ్యాపిస్తుంది. స్నాప్‌షాట్లు, అంటే ఒకానొక క్షణంలోని నిల్వస్థితిని గుర్తుంచుకొనే ఏర్పాటు, కొంత ఆదుకొంటాయి. కాని అవి కూడా అదే డిస్కుల మీద, అదే ఇంటిలో ఉంటాయి.

ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ప్రకారం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరొకచోట ఉండాలి. దీనిని పైన చెప్పిన 3 టీబీ సామగ్రికి అన్వయిస్తే ఒక ఆచరణీయమైన రూపం ఏర్పడుతుంది. రెండు డెస్క్‌టాప్ కంప్యూటర్లు నోడ్లుగా ఉంటాయి. ఒక్కొక్కదానిలో వర్చువల్ మెషిన్ల కోసం 1 టీబీ ఎస్ఎస్‌డీ ఉంటుంది. 15 నిమిషాల నకలు వీటి మధ్య నడుస్తుంది. మొదటి నోడ్‌లో ముద్రణల కోసం 8 టీబీ హార్డ్ డిస్కులు రెండు మిర్రర్‌గా ఉంటాయి. మూడవది క్లస్టర్‌లో చేరని చిన్న యంత్రం. దానిలో 8 టీబీ డిస్కు, ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్, మూడవ ఓటునిచ్చే క్యూడివైస్ ఉంటాయి. వీలైతే దానిని ఇంటిలోనే మరొక గదిలో పెట్టాలి. ఈ బ్యాకప్ సర్వర్ ఒకే ఖండాన్ని ఒక్కసారే దాచుతుంది కనుక రోజూ బ్యాకప్ తీసినా స్థలం పెద్దగా పెరగదు. బ్యాకప్ సర్వర్‌ను క్లస్టర్‌లోనే ఒక వర్చువల్ మెషిన్‌గా, అవే డిస్కుల మీద నడపడం కొందరు చేస్తున్న పని. దానివల్ల ప్రయోజనం లేదు.

వీటికి తోడు విద్యుత్తుకు, నెట్‌వర్క్‌కు తగిలించని బాహ్య డిస్కు ఒకటి మరొక ఊరిలో, బంధువుల ఇంటిలోనో సహపరిశోధకుని వద్దనో ఉండాలి. పండుగకు ఊరు వెళ్లినప్పుడల్లా కొత్త డిస్కును అక్కడ ఉంచి పాతదానిని తెచ్చుకొంటే చాలు. డబ్బు పరిమితమైతే ఈ జాబితాలో తగ్గించుకోవలసినది రెండవ నోడే. క్లస్టర్ లేకపోయినా సామగ్రి బతుకుతుంది. వేరొకచోట ఉన్న ప్రతి లేకపోతే ఎన్ని నోడ్లున్నా అది అరక్షితమే.

మూడు నెలలకొకసారి ఒక వర్చువల్ మెషిన్‌ను, ఒక ముద్రణ సంచికను బ్యాకప్ నుండి తిరిగి తెచ్చి, ఫైలును తెరిచి విని, తొలినాటి ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌తో సరిచూడాలి. బ్యాకప్‌ను రహస్యలిపిలో ఉంచినవారు ఆ కీని పోగొట్టుకొంటే డిస్కులన్నీ పదిలంగా ఉన్నా డేటా దక్కదు. ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ ఈ కీని కాగితం మీద ముద్రించుకొనే సౌకర్యం కల్పిస్తున్నది. ఆ కాగితంతో పాటు ఏ డిస్కులో ఏముందో, దానిని ఎలా తెరవాలో సాంకేతిక పరిచయం లేని కుటుంబసభ్యులకు సైతం అర్థమయ్యే తెలుగులో ఒక పుట రాసి, ఒక ప్రతిని బీరువాలోను, మరొక ప్రతిని బాహ్య డిస్కు ఉన్న ఇంటిలోను ఉంచాలి.